బొమ్మలో లేని బావి

మా పంచాయతీ ఆఫీసు పడమటి గోడకు ఒక కన్నం ఉంది. ఒకప్పుడు అది కిటికీ. రెక్కలు చెదలు తిన్నాయి, ఊచలు ఎవరో పీక్కుపోయారు, కన్నం మిగిలింది. దానిగుండా ఉడతలు లోపలికొచ్చి ఓటర్ల జాబితా కొరికేవి. మా నాన్న తలారిగా ఉన్న రోజుల్లో ఒక పెద్ద బొమ్మ తెచ్చి ఆ కన్నానికి అడ్డంగా తగిలించాడు. ఆయన తర్వాత తలారి పని నాకొచ్చింది. దాంతోపాటు బొమ్మ దుమ్ము దులపడం కూడా వచ్చింది. ఇరవై ఆరేళ్ళు దులిపాను.

బొమ్మ డ్యాము కట్టిన కాలం నాటిది. ఎవరో దొర, కాలవల ఇంజినీరు, బంగళాలో కాపురముండి వెళ్తూ వెళ్తూ వదిలేశాడట. బంగళా కూలినప్పుడు తలుపులు ఒకరు, బల్లలు ఒకరు మోసుకుపోయారు. బొమ్మ ఎవరికీ అక్కర్లేకపోయింది. బారెడు పొడుగు, మూడు మూరల ఎత్తు. చట్రం మంచి టేకు.

అందులో మానులు అడ్డంగా పేర్చి కట్టిన ఇల్లొకటి ఉంటుంది. ఇంటి కప్పు మీద తెల్లగా, మందంగా ఏదో పేరుకుని ఉంటుంది. నేలంతా ఆ తెలుపే, వెనక చెట్ల మీదా ఆ తెలుపే. ఒక మగమనిషి గొడ్డలి ఎత్తి మొద్దు కొట్టబోతుంటాడు. అతని గడ్డం కూడా తెల్లబడింది గాని మనిషి ముసలివాడు కాదు. డొక్కలు లెక్కపెట్టుకోదగిన ఎద్దు ఒకటి, గుమ్మంలో ఇద్దరు పిల్లలు, ఒక కుక్క. ముందువైపు ఒక ఆడమనిషి తాడు పట్టుకుని, నేలలో ఉన్న నల్లటి గుంట మీదికి వంగి ఉంటుంది. తాడు చివర కొయ్య బొక్కెన. ఆమె చెవులు మూసుకునేలా గుడ్డ చుట్టుకుంది. చేతులకు మాత్రం ఏమీ లేదు. అవి ఎర్రగా కమిలి ఉంటాయి.

బొమ్మ వెనక అట్ట మీద ఇంగ్లీషులో ఏదో రాసిన కాగితం అంటించి ఉంది. నేను ఐదో తరగతి దాకా చదివాను. ఆ కాగితం నాకు చదవరాదు. చదవొచ్చినవాళ్ళు బొమ్మను తిప్పి చూడలేదు.

ఆ తెలుపు మంచు అయ్యుంటుందని నేను ఎప్పుడో అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

మా ఊరు తుమ్మలబోడు నల్లమల అంచున ఉంటుంది. నల్లరేగడి, పత్తి, మిరప. ఎండాకాలం తారు రోడ్డు దాటితే ఒక చెప్పు రోడ్డుకే ఇచ్చి రావాలి. మంచు అనే మాట మా ఊళ్ళో మంచుగడ్డల సోడా బండివాడికి తప్ప ఎవరికీ అవసరం పడదు.

ఇట్లా ఉండగా కిందటి మాఘమాసంలో ఒక సర్క్యులర్ వచ్చింది. దాని పేరు ఆవిర్భావ స్వరూప పునరుద్ధరణ పథకం. సర్పంచి గాలయ్య దాన్ని నాలుగుసార్లు చదివించుకున్నాడు. అందులో ఇట్లా ఉంది: ‘ప్రతి గ్రామమునకు ఒక ఆవిర్భావము ఉండి తీరవలెను. ప్రతి ఆవిర్భావమునకు ఒక చిత్రపటము ఉండి తీరవలెను. గడువులోగా సదరు చిత్రపటము సమర్పించని గ్రామము ఇంకను ఆవిర్భవించనట్లుగా భావించబడును.’

కింద చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది. ఆవిర్భవించని గ్రామానికి రేషన్ దుకాణం, బడి, పోలింగ్ బూతు ఉండవు.

చుట్టుపక్కల ఊళ్ళు అల్లాడిపోయాయి. మా తూర్పు ఊరివాళ్ళు పాత మునసబు పెళ్ళి ఫొటో పంపించారు. ఆ లెక్కన ఆ ఊరు మొత్తం చెక్క కుర్చీల్లో బిగుసుకు కూర్చున్న ఇద్దరు మనుషుల నుంచి ఆవిర్భవించింది. దక్షిణపు ఊరివాళ్ళు ఎరువుల కంపెనీ క్యాలెండరులో ఉన్న పచ్చటి పొలం కత్తిరించి పంపారు. గాలయ్య ఆఫీసులో కూర్చుని నాలుగు గోడలూ చూశాడు. మూడు గోడల మీద బల్లులున్నాయి. నాలుగో గోడ మీద బొమ్మ ఉంది.

బొమ్మ దింపమన్నాడు. దింపాను. ఫోనుతో ఫొటో తీసి పంపేశాడు. సాయంత్రానికి ఉడతలు లోపలికొచ్చి జనన మరణాల రిజిస్టరులో మరణాల వైపు సగం తినేశాయి. ఊళ్ళో అందరికీ కొంచెం ఆయుష్షు పెరిగింది.

చైత్రంలో ఆవిర్భావ ప్రత్యేకాధికారి వైకుంఠరావు గారు స్వయంగా వచ్చారు. ఆయన మాట్లాడితే కాగితం చదువుతున్నట్టే ఉంటుంది. నాలుక మీద ముద్ర వేసే స్టాంపు ఉందేమో అనిపిస్తుంది. ఆ రోజు ఎండ నలభై ఆరు. ఆయన మూడు గ్లాసుల మజ్జిగ తాగి, జేబులోంచి భూతద్దం తీసి బొమ్మ మీదికి వంగారు. ఊళ్ళో పెద్దరైతులు చుట్టూ నిలబడ్డారు.

ముందుగా ఆ తెలుపేమిటని అడిగారు.

రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అదేం ప్రశ్న అన్నట్టు నవ్వారు. పత్తి సారూ అన్నారు. మా ఊళ్ళో పత్తి తీతలప్పుడు ఇళ్ళు అట్లాగే ఉంటాయి. తడిసిన పత్తి డాబా మీద ఆరబోస్తాం, వసారాలో పోస్తాం, మంచాలు బయటపడేసి గదుల్లో దూలాల దాకా తొక్కుతాం. తీసినవాళ్ళ తలల మీద, మీసాల మీద పత్తి అంటుకునే ఉంటుంది. బొమ్మలో ఉన్న మనిషి గడ్డం చూసి, ఇది రెండో తీత అని కూడా ఒకాయన తేల్చేశాడు.

మరి ఒంటినిండా ఆ మందపు బట్టలేమిటని అధికారి గారు అడిగారు. మందు కొట్టేటప్పుడు ఒళ్ళు కప్పుకోకపోతే చర్మం ఊడొస్తుందని చెప్పారు. చెట్లకు ఆకుల్లేవేమన్నారు. పురుగు కొట్టింది సారూ అన్నారు. వెనక నిలువుగా కోసుగా ఉన్న చెట్లు సరుగుడు. ఎద్దు డొక్కలు మా ఎద్దు డొక్కలే. అందరూ చెప్పేదాన్ని వైకుంఠరావు గారు పొందిగ్గా రాసుకున్నారు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. వాళ్ళు జీవితంలో చూసిన తెలుపు అదొక్కటే.

నల్లటి గుంట దగ్గర మాత్రం రైతులు ఆగారు. పత్తి చేలో గుంట ఎందుకుంటుంది? అప్పుడు గాలయ్య గొంతు సవరించుకుని, అది పాతర అన్నాడు. పూర్వం జొన్నలు నేలలో గొయ్యి తీసి దాచేవాళ్ళు. వాళ్ళ తాత ఇంటి ముందు ఒకటుండేదట. వైకుంఠరావు గారికి ఆ మాట బాగా నచ్చింది. ‘ధాన్యపు పాతర, ఒకటి’ అని రాసి కింద గీత గీశారు.

నేను అక్కడే చట్రం పట్టుకుని నిలబడి ఉన్నాను. బొమ్మ వెనక ఏదో కాగితం ఉందండీ అన్నాను. వైకుంఠరావు గారు నన్ను చూసి, ‘ప్రభుత్వము చిత్రము యొక్క ముఖభాగమును మాత్రమే గుర్తించును’ అన్నారు.

పోతూ పోతూ ఆయన, మొదట వచ్చిన కుటుంబాలవాళ్ళు ఎవరైనా బతికున్నారా అని అడిగారు. ఉన్నారు, పేరమ్మవ్వ ఒకతె ఉందని గాలయ్య చెప్పాడు. మా ఊరి మొదటి బండ్లలో తొమ్మిదేళ్ళ పిల్లగా దిగిన మనిషి. ఇప్పుడు ఎనభైకి దగ్గర. ఆమెను పిలిపించమంటారా అన్నాడు గాలయ్య.

‘అవసరము లేదు. సాక్షి జ్ఞాపకము మసకబారును. చిత్రము మసకబారదు’ అన్నారు వైకుంఠరావు గారు. నిజానికి బొమ్మ కింది మూల ఉడత కొరికి మసకబారే ఉంది.

నెల తిరగకుండా ఉత్తర్వు వచ్చింది. చిత్రం పంపిన అన్ని ఊళ్ళలోకీ మాదే స్పష్టమైన ఆవిర్భావమని, తుమ్మలబోడును మొదటి తరగతి ఆవిర్భావ గ్రామంగా ప్రకటించడమైనదని అందులో ఉంది. గాలయ్య డప్పులు కొట్టించాడు. ఉత్తర్వుకు రెండో పేజీ ఉందని డప్పులు ఆగాక తెలిసింది. చిత్రమందున్నవన్నీ గ్రామమందు ఉండవలెను, చిత్రమందు లేనివేవీ గ్రామమందు ఉండరాదు. వైశాఖ పౌర్ణమికి పైనుంచి పెద్దలు వచ్చి చూస్తారు. ఆలోగా జరగాలి.

జరపడం మొదలైంది.

మానులు పేర్చిన ఇల్లొకటి ఊరి నడుమ కట్టారు. అందులో ఎవరుండాలో ఉత్తర్వులో లేదు కాబట్టి ఎవరూ ఉండలేదు. చిత్రంలో కరెంటు స్తంభాలు లేవని విద్యుత్ శాఖకు రాశారు. తమ స్తంభాలు తమ శాఖతోపాటు విడిగా ఆవిర్భవించాయని, వేరే శాఖ చిత్రం తమకు వర్తించదని వాళ్ళు జవాబిచ్చారు. దాంతో స్తంభాలకు గోధుమరంగు గోనెలు చుట్టి, చెట్ల కింద జమకట్టారు. చిత్రంలో కుక్క ఒకటి. ఊళ్ళో నలభై. ముప్పై తొమ్మిదింటిని వాగు అవతల దించి వచ్చాం. అవి ఉత్తర్వు చదవలేదు. మాకంటే ముందు ఊళ్ళోకొచ్చాయి. మేకల్ని తనిఖీ రోజున ఇళ్ళల్లో పెట్టి తలుపులు వేయాలన్నారు. మగవాళ్ళందరూ గడ్డాలు పెంచాలన్నారు. మంగలి నాగులు వేరే ఊరికి పనికి పోయాడు.

ఆ తర్వాత లారీలో ఎనభై ఉన్ని కోట్లు దిగాయి. ఎక్కడో కొండల మీద కాపలా ఉండేవాళ్ళ కోసం కుట్టినవి. గాలయ్య మర్యాదకు ఒకటి తొడుక్కుని ఎండలో నిలబడి ఫొటో తీయించుకున్నాడు. తీసేలోగా పడిపోయాడు. చల్లటి నీళ్ళు కొట్టి మంచం మీద పడుకోబెడితే, కళ్ళు తెరిచి, మా పూర్వీకులు ఎట్టా బతికార్రా అన్నాడు. ఆయన జన్మలో పూర్వీకుల కష్టం గురించి ఆలోచించడం అదే మొదలు.

ఆఖరికి పత్తి. చిత్రంలో కప్పుల మీద పత్తి ఉంది కాబట్టి ప్రతి ఇంటి కప్పు మీదా మూరెడు మందాన ఉండాలన్నారు. ధర వచ్చాక అమ్ముదామని దాచుకున్న పత్తి మొత్తం ఇళ్ళల్లోంచి కప్పులెక్కింది. మూడో రోజు మధ్యాహ్నం సుడిగాలి లేచింది. పత్తి మొత్తం తెల్లటి మబ్బుగా ఏర్పడి తూర్పుకు పోయింది. తూర్పు ఊరివాళ్ళు తమ చెట్ల మీద, గేదెల మీద, గుడిగోపురం మీద పడిన పత్తిని ఫొటో తీసి, సవరించిన ఆవిర్భావ చిత్రం అని పంపారు. మునసబు పెళ్ళి ఫొటో వెనక్కు తీసుకున్నారు.

ఇంతవరకు ఊళ్ళోవాళ్ళు తుమ్ముకుంటూ, తిట్టుకుంటూ, నవ్వుకుంటూ చేశారు. ఉత్తర్వు వెంట వచ్చిన జాబితాలో ముప్పై ఒకటో అంశం చదివినప్పుడు ఎవరూ నవ్వలేదు.

‘బావి: చిత్రమందు లేదు. పూడ్చవలెను.’

మా ఊళ్ళో తాగే నీళ్ళు ఆ ఒక్క బావిలోవే. బోర్లు పద్దెనిమిది వేశారు, ఏ బోరు నీళ్ళు తాగినా పళ్ళు గార కడతాయి, నలభై ఏళ్ళకే కాళ్ళు వంగి దొడ్డికాళ్ళవుతాయి. పశువులు కూడా మొహం తిప్పుకుంటాయి. బావి నీళ్ళు తియ్యగా ఉంటాయి. ఎండాకాలం మూడు మూరలకు దిగుతాయి గాని ఎండవు. దాన్ని తవ్వింది పేరమ్మవ్వ నాన్న, చిన్నాన్న.

గాలయ్య ఆ రోజే వైకుంఠరావు గారి దగ్గరికి పోయాడు. నేను బొమ్మ మోసుకుంటూ వెంట వెళ్ళాను. బావి లేకపోతే ఏం తాగాలండీ అని గాలయ్య అడిగాడు. అధికారి గారు బొమ్మను నలుదిక్కులా చూసి, మొదటి కుటుంబాలు బావి లేకనే జీవించినట్లు చిత్రము రుజువు చేయుచున్నది గదా, మీరు వారికంటే గొప్పవారా అన్నారు. గాలయ్య ఆ బొమ్మ తానే పంపిన సంగతి, గుంటను పాతర అన్నది తానేనన్న సంగతి తలుచుకుని లేచి బయటికొచ్చేశాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో బొమ్మకు వీపు తిప్పి కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున పేరమ్మవ్వ కర్ర పొడుచుకుంటూ ఆఫీసుకొచ్చింది. మా ఊళ్ళో అందరికీ ఆమె అవ్వే.

“ఏందిరా బాలస్వామీ, మా నాయన తవ్వలేదని చెప్పిన బొమ్మ ఏదీ, చూపెట్టు.”

బొమ్మను బల్ల మీద ఆనించి పెట్టాను. అవ్వకు కుడికన్ను శుక్లం, ఎడమకన్ను బాగానే ఉంటుంది. ముక్కు ఆనేంత దగ్గరగా వచ్చి, ఎడమ మూల నుంచి మొదలుపెట్టి చేను చూసినట్టు సాలు సాలూ చూసింది. చాలాసేపు పట్టింది. నేను కుర్చీ జరిపాను. కూర్చోలేదు.

“వీళ్ళెవురు?” అంది.

తెలియదన్నాను. అప్పుడు ఆమె నా వైపు చూసింది. ఇరవై ఆరేళ్ళలో ఆ బొమ్మ గురించి నన్ను మొదటిసారి అడిగిన మనిషి ఆమె. అందుకని చెప్పాను. అది పత్తి కాదనుకుంటా అవ్వా, మంచు అనుకుంటా అన్నాను.

“తెలస్తానే ఉంది లేరా. పత్తి చేలో ఎవురన్నా అట్టా ముడుచుకోని నిలబడతారా? ఆ పిల్ల చూడు, బుజాలు ఎట్టా దగ్గరికేసుకుందో. దానికి చలి. కొత్తగా వచ్చారీళ్ళు. ఇంటి ముందు మొద్దులు ఇంకా పీకలా. పిల్లలు వాకిట్లోకి రాడానికి జంకుతున్నారు. కొత్త చోట పిల్లలు అంతే, గుమ్మం దాటరు. నేనూ దాటలా.”

తర్వాత ఆ ఆడమనిషి చేతుల దగ్గర వేలు పెట్టింది. బొమ్మను ముట్టకుండా, గాలిలో.

అవ్వ వాళ్ళ పాత ఊరు డ్యాము కింద మునిగినప్పుడు నలభై బండ్లు ఈ బోడు మీదికి తోలారట. ముళ్ళు, రాళ్ళు తప్ప ఏమీ లేవు. రెండు కోసుల అవతల వాగులో చెలమ తీసి, ఊరిన నీళ్ళు కొబ్బరిచిప్పతో తోడి కడవ నింపుకునేవాళ్ళు. ఒక కడవకు ఒక పూట. వాళ్ళమ్మ చేతులు ఇసకకు, వేడికి పగిలి ఇట్లాగే ఎర్రగా ఉండేవట. పదకొండు నిలువుల లోతున బావిలో నీళ్ళు పడే నాటికి ఆమె లేదు. ఎనిమిది రోజుల తేడా. ఇదంతా అవ్వ ఏడవకుండా, చేలో గట్టు గురించి చెప్పినట్టు చెప్పింది.

“మాయమ్మకు ఎండ, ఈ పిల్లకు చలి. వంగటం ఒకటే” అంది. తర్వాత నల్లటి గుంట చూపించి, “ఇది పాతరని ఎవురన్నార్రా?” అని అడిగింది.

సర్పంచి అన్నాడని చెప్పాను.

“వాడి బొంద. పాతరలోకి మడిసి దిగుతాడు గాని బొక్కెన దింపుతారంట్రా?”

వైశాఖ పౌర్ణమికి రెండు రోజుల ముందు పొక్లెయినరు ఊళ్ళోకొచ్చింది. వెనకే వైకుంఠరావు గారు జీపులో వచ్చారు. బావి చుట్టూ ఊరంతా ఉంది. మగవాళ్ళకు మాసిన గడ్డాలు, మొహాల నిండా చెమట. ఆడవాళ్ళు ఖాళీ బిందెలు పట్టుకుని నిలబడ్డారు. పేరమ్మవ్వ బావి ఒర మీద కూర్చుని ఉంది. బొమ్మ తెచ్చి పక్కన పెట్టమంది. పెట్టి పట్టుకున్నాను.

అధికారి గారు ఆమెను లెమ్మన్నారు. లేస్తానంది. లేచే ముందు ఒక సంగతి చెప్పమంది.

“అయ్యా, ఈ తెల్లంగా ఉండేది ఏందని రాశారు తమరు?”

“పత్తి. క్షేత్రస్థాయి విచారణలో నిర్ధారించబడినది.”

“అది మార్చడానికి ఈలుందా?”

“నిర్ధారించబడినది మరల నిర్ధారించబడజాలదు” అన్నారు ఆయన, కొంచెం కోపంగా.

“సరే పత్తే. ఎవురు కాదన్నారు. పత్తి చేలో ఈ పిల్ల తాడు కట్టి బొక్కెన ఎందుకు దింపింది?”

పాతరలో ధాన్యము తీయుటకు అన్నారాయన. పాతరకు నోరు చిన్నదని, మనిషిని దింపి గంపలు పైకి అందిస్తారని, గాలి ఆడక ముందు దీపం దింపి చూస్తారని అవ్వ చెప్పింది. వెనక నుంచి ముసలివాళ్ళు అవునవునన్నారు. గాలయ్య నేల చూశాడు. వైకుంఠరావు గారు అది మౌఖిక సాక్ష్యమని, చిత్రమందు ఆధారము లేనిదే అంశము సవరించబడదని అన్నారు. పొక్లెయినరు డ్రైవరు వైపు చెయ్యి ఎత్తారు.

నన్ను ఎవరూ అడగలేదు.

“బొక్కెన కింద మూడు చుక్కలున్నాయండి” అన్నాను.

ఆయన చెయ్యి గాలిలో ఆగింది. దుమ్ము దులిపేటప్పుడు ఆ చోట గుడ్డ మెల్లగా ఆనించాలండీ, రంగు కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది, రెండు చుక్కలు పెద్దవి, ఒకటి చిన్నది అన్నాను. నేను అంత పొడుగ్గా మాట్లాడడం ఊళ్ళో ఎవరూ వినలేదు. మా ఆవిడ కూడా వినలేదు.

వైకుంఠరావు గారు భూతద్దం తీశారు. బొమ్మ మీదికి వంగారు. ఆయన ముక్కు మీద నుంచి కూడా ఒక చుక్క కారి బొమ్మ మీద పడబోతే నేను చెయ్యి అడ్డం పెట్టాను.

“జొన్నలు కారతయ్యా అయ్యా?” అంది అవ్వ.

ఎండలో అందరం ఆయన వీపు చూస్తూ నిలబడ్డాం. ఆయన లేచి నిలబడి, చొక్కా సర్దుకుని, ఫైలు తెప్పించుకుని అక్కడే జీపు బానెట్ మీద పెట్టి రాశారు. రాసింది పైకి చదివారు: ‘భూతద్ద సహిత పునఃపరిశీలనలో సదరు గుంట యందు ద్రవపదార్థము ఉన్నట్లు తేలినందున, పాతర యను పదమునకు బదులుగా పత్తి చేని బావి యని చదువుకొనవలెను.’

బావి చిత్రంలో ఉంది. కాబట్టి బావి ఊళ్ళో ఉండవచ్చు.

ఆడవాళ్ళు బిందెలు దించారు. కాని వైకుంఠరావు గారు కలం మూయలేదు. ఆయన మళ్ళీ బొమ్మ వైపు చూశారు. చిత్రంలో బావికి రాతి ఒర లేదు, కూల్చాలి అన్నారు. పిల్లకాయలు పడి చస్తారయ్యా అంది అవ్వ. బొమ్మలో గుంట చుట్టూ తెల్లటి గట్టు ఉంది కాబట్టి, ఒరకు సున్నం కొడితే సరిపోతుందని ఆయనే దారి చూపించారు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన గొంతు మామూలు మనిషి గొంతులా ఉంది. వెంటనే సర్దుకున్నారు. మోటారు లేదు, తీసేయాలన్నారు. తీసేశాం. చిత్రమందు మహిళ నిరంతరముగా నీరు తోడుచున్నది, ఏ సమయమున చూచినను ఆమె తోడుచునే యున్నది, కావున తనిఖీకి ఏ సమయమున వచ్చినను బావి వద్ద ఒక మహిళ తోడుచు కనిపించవలెను అన్నారు. ఉన్ని కోటు ధరించి.

పౌర్ణమి నాడు పెద్దలు వచ్చారు. మానుల ఇల్లు చూశారు. కోటు తొడుక్కుని నీళ్ళు తోడుతున్న గాలయ్య భార్యను చూశారు. గోనె చుట్టిన కరెంటు స్తంభాన్ని నిమిరి, చాలా పాత చెట్టు అన్నారు. ఒక ఇంట్లోంచి మేక అరిచింది. అందరం దగ్గాం. ఎండకు ఆగలేక పావుగంటలో వెళ్ళిపోయారు.

అప్పటి నుంచి మా ఊరి ఆడవాళ్ళు తమ బావిలో నీళ్ళు ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం తోడుకుంటున్నారు. ఆఫీసు గోడకు వంతుల పట్టిక అంటించాం. పొద్దున మొదటి వంతు పేరమ్మవ్వది. ఆ వయసులో తోడలేదని పేరు తీసేయబోతే ఒప్పుకోలేదు. ఒక్క చేద తోడుతుంది. ఆ నీళ్ళు చెంబులో పోసుకుని ఇంటికి పోతుంది. గాలయ్య దారిలో ఎదురైతే పక్కకు తప్పుకుంటాడు. ఒకసారి ఆమె ఆపి, జొన్నలు తోడుకొచ్చానురా, కాసిని పట్టుకుపో అంది.

బొమ్మను మళ్ళీ కన్నానికి అడ్డంగా తగిలించాను. మొదటి వంతుకని ఇచ్చిన కోటు అవ్వకు ఇవ్వబోతే తీసుకోలేదు. దాన్ని అటూ ఇటూ తిప్పి, నేత చూసి, మంచి ఉన్ని అంది.

“నాకెందుకురా ఈ ఎండల్లో? ఆ పిల్లకియ్యి. చేతులు కూడా కప్పుకోలా అది.”

కోటును బొమ్మ చట్రానికే తగిలించాను. ఒక చెయ్యి ఆ ఆడమనిషి భుజం మీద నుంచి వేలాడుతుంటుంది. బొమ్మ కింది మూల కొరికిన చోటు నుంచి ఉడత ఒకటి లోపలికొచ్చి, ఓటర్ల జాబితా జోలికి పోకుండా, కోటు ఎడమ జేబులో పిల్లల్ని పెట్టింది. మూడు.

మొన్న పైనుంచి కాగితం వచ్చింది. గ్రామమునకు మంజూరు చేసిన ఉన్ని కోట్లు వినియోగములో ఉన్నవా, లేవా తెలుపమని. ఉన్నవి అని రాసి, వేలిముద్ర కాకుండా సంతకమే పెట్టాను.

ఎవరు వాడుతున్నారని అడగలేదు.